ఒకే ప్రోగ్రాములో రెండు కాలింగ్ కన్వెన్షన్లు: మార్పిడిని కంపైలర్‌కు అప్పగించే విధానం

పలాసలోని ఒక జీడిపప్పు పరిశ్రమ కోసం, ఎలక్ట్రానిక్ కాటా చూపే తూకాన్ని నేరుగా కంప్యూటరులోకి తెచ్చే చిన్న ప్రోగ్రాము ఒకటి నేను విజయనగరంలో మా ఇంట్లో కూర్చుని రాశాను. కాటాతో పాటు వచ్చినవి ఒక 32 బిట్ల విండోస్ డీఎల్ఎల్ (ఇతర ప్రోగ్రాములు పిలుచుకునే ఫంక్షన్లున్న లైబ్రరీ ఫైలు), ఫంక్షన్ల పేర్లూ ఆర్గ్యుమెంట్ల వరుసా అచ్చువేసిన రెండు కాగితాలు మాత్రమే. హెడర్ ఫైలు లేదు. ఇంటిదగ్గర డీబగ్ బిల్డు చక్కగా నడిచింది. ఆప్టిమైజేషన్ పెట్టి కట్టిన బిల్డును పలాస పంపిన రోజున, మొదటి బస్తా కాటా మీద పెట్టగానే ప్రోగ్రాము కుప్పకూలింది. "ఇదేటి మాస్టారూ, మీ ఊళ్ళో తూగింది మా ఊరొచ్చీసరికి తూగడం మానేసింది?" అని యజమాని ఫోనులో అడిగిన ప్రశ్నకు జవాబు వెతకడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ రెండు కాగితాలలో ఎక్కడా లేని సంగతి ఒక్కటే: ఆ ఫంక్షన్లు ఏ కాలింగ్ కన్వెన్షన్‌ను పాటిస్తాయన్నది.

కాలింగ్ కన్వెన్షన్ అంటే ఒక ఫంక్షన్ మరొక ఫంక్షన్‌ను పిలిచేటప్పుడు ఇద్దరూ పాటించవలసిన సంప్రదాయం. ఒకే ప్రోగ్రాములో రెండు సంప్రదాయాలు కలిసే చోట కంపైలర్ చేత మార్పిడి ఎలా చేయించాలో, చేసిందో లేదో ఎలా సరిచూసుకోవాలో, అది చేయలేనివి ఏమిటో ఇక్కడ వివరిస్తాను. సీ భాష వచ్చి, అసెంబ్లీని తడుముకుంటూనైనా చదవగలిగితే చాలు. కంపైలర్లుగా జీసీసీనీ క్లాంగ్‌నూ తీసుకుంటున్నాను. రిజిస్టర్ల పేర్లనూ, కీలక పదాలనూ, కంపైలర్ స్విచ్‌లనూ ఇక్కడ తెలుగు లిపిలో రాశాను. మీ ఫైలులో వాటిని ఇంగ్లిషు చిన్న అక్షరాలలో కొట్టుకోవాలి; '-ఓ2', '-ఎస్' స్విచ్‌లలోని ఓ, ఎస్ మాత్రం పెద్ద అక్షరాలు.

కన్వెన్షన్ నిర్ణయించేవి

ఆర్గ్యుమెంట్లు ఏ రిజిస్టర్లలో వెళ్ళాలి, మిగిలినవి స్టాక్ మీద ఏ వరుసలో ఉండాలి, పని అయ్యాక స్టాక్‌ను ఎవరు సర్దాలి, ఏ రిజిస్టర్లను పిలుపు అందుకున్న ఫంక్షన్ చెడగొట్టకుండా తిరిగి అప్పగించాలి, ఫలితం ఎక్కడ ఉండాలి, పిలిచే క్షణంలో స్టాక్ ఎన్ని బైట్ల గుణిజానికి సరిపోవాలి అన్నవన్నీ కన్వెన్షన్ పరిధిలోకి వస్తాయి. వీటిలో ఒక్కటి తప్పినా ప్రోగ్రాము వెంటనే ఆగిపోతుందన్న హామీ లేదు. ఆగిపోతే మన అదృష్టం.

32 బిట్ల ఎక్స్86 (ఇంటెల్ తరహా ప్రాసెసర్లు) మీద ఎక్కువగా ఎదురయ్యేవి సీడెకల్, స్టడ్‌కాల్. రెండింటిలోనూ ఆర్గ్యుమెంట్లు కుడి నుంచి ఎడమకు స్టాక్ మీదికి చేరుతాయి. రెండింటిలోనూ ఈబీఎక్స్, ఈఎస్ఐ, ఈడీఐ, ఈబీపీలను కాపాడాలి. ఫలితం ఈఏఎక్స్‌లో వస్తుంది. తేడా అంతా స్టాక్‌ను సర్దే బాధ్యత ఎవరిదన్న చోటనే ఉంది. మా వైపు భోజనాల బంతిలో తిన్నవారే ఎవరి విస్తరి వారు తీసే ఇళ్ళున్నాయి, వడ్డించినవారే తీయించే ఇళ్ళూ ఉన్నాయి. సీడెకల్‌లో పిలిచిన ఫంక్షనే తాను పెట్టిన ఆర్గ్యుమెంట్లను తీసివేస్తుంది; స్టడ్‌కాల్‌లో పిలుపు అందుకున్న ఫంక్షన్ తిరిగి వెళుతూ తీసివేస్తుంది. ఒకరు తీశారని తెలియక రెండవవారూ తీయబూనితే లేచిపోయేది పక్కవారి విస్తరి. నా ప్రోగ్రాములో జరిగింది సరిగ్గా అదే.

తూకం చదివే ఫంక్షన్‌కు రెండు ఆర్గ్యుమెంట్లు: కాటా సంఖ్య, ఫలితాన్ని ఉంచవలసిన చోటికి పాయింటర్, మొత్తం 8 బైట్లు. అది స్టడ్‌కాల్ ఫంక్షన్ కనుక చివర 8 బైట్లను తానే తీసివేసింది. నేను ఏ కన్వెన్షన్ రాయకపోవడంతో కంపైలర్ దానిని సీడెకల్ అనుకుని, ఆ 8 బైట్లు ఇంకా ఉన్నాయన్న లెక్కతో మిగిలిన కోడును రాసింది. ఫలితంగా స్టాక్ పాయింటర్ అయిన ఈఎస్‌పీ ఉండవలసిన చోటుకంటె 8 బైట్లు పైకి జరిగింది. డీబగ్ బిల్డులో ప్రతి ఫంక్షనూ చివర ఈఎస్‌పీని ఈబీపీ నుంచి మళ్ళీ నింపుకుంటుంది కనుక ఆ తప్పు ఎప్పటికప్పుడు కప్పబడిపోయింది. పలాస పంపిన బిల్డులో నేను ఫ్రేమ్ పాయింటర్ (ఇక్కడ ఈబీపీ) వద్దనే స్విచ్ ఇచ్చాను. అక్కడ ఈఎస్‌పీని సరిదిద్దేవారు ఎవరూ లేక, ఫంక్షన్ తిరిగి వెళ్ళవలసిన చిరునామాకు బదులు దానికి 8 బైట్ల అవతల ఉన్న ఏదో విలువను తీసుకుని అక్కడికి దూకింది. డీబగ్ బిల్డులో పనిచేసి ఆప్టిమైజ్ చేసిన బిల్డులో కూలిపోయే ప్రోగ్రామును చూసినప్పుడు చాలామంది ముందు కంపైలర్‌ను అనుమానిస్తారు. రెండు బైనరీలు కలిసే చోట మాత్రం కన్వెన్షన్‌ను ముందుగా అనుమానించడం మేలు.

హెడర్ లేని లైబ్రరీ కన్వెన్షన్‌ను కనుక్కోవడం

మొదట ఎగుమతి అయిన పేర్లను చూడండి. స్టడ్‌కాల్ ఫంక్షన్ పేరుకు ముందు అండర్‌స్కోరు, చివర 'ఎట్' గుర్తు, దాని తరువాత ఆర్గ్యుమెంట్ల మొత్తం బైట్ల సంఖ్య ఉంటాయి. మొదటి రెండు ఆర్గ్యుమెంట్లను రిజిస్టర్లలో పంపే ఫాస్ట్‌కాల్ అయితే ముందు కూడా 'ఎట్' గుర్తే ఉంటుంది. అయితే ఎగుమతి పట్టికలో ఈ అలంకారాలు తీసివేసి శుభ్రమైన పేర్లు పెట్టడం సాధారణం. విండోస్ సొంత లైబ్రరీలే అలా చేస్తాయి. నాకు వచ్చిన డీఎల్ఎల్ కూడా ఆ రకమే.

అప్పుడు ఆబ్జ్‌డంప్‌తో డీఎల్ఎల్‌ను డిసాసెంబుల్ చేసి (యంత్రకోడును అసెంబ్లీగా మార్చి), ఆ ఫంక్షన్ ముగిసే చోట ఉన్న 'రెట్' ఆదేశాన్ని చూడాలి. ఉత్త 'రెట్' అయితే సాధారణంగా సీడెకల్. 'రెట్ 8' అని సంఖ్య ఉంటే పిలుపు అందుకున్న ఫంక్షనే స్టాక్‌ను సర్దుతోందన్నమాట. ఆ సంఖ్యను 4తో భాగిస్తే స్టాక్ మీద ఎన్ని గళ్ళు వాడుతోందో తెలుస్తుంది, దానిని కాగితంలోని ఆర్గ్యుమెంట్ల వరుసతో పోల్చుకోవచ్చు. ఒక్కొక్క డబుల్ రెండేసి గళ్ళు తీసుకుంటుందని మరువకండి. కాగితం చెప్పే ఆర్గ్యుమెంట్లకంటె గళ్ళు తక్కువగా ఉంటే ఫంక్షన్ మొదటి భాగాన్ని చదవండి: ఈసీఎక్స్‌లోనో ఈడీఎక్స్‌లోనో తానేమీ వేయకముందే వాటి విలువను వాడుకుంటోందంటే అది ఫాస్ట్‌కాల్, ఈసీఎక్స్‌ను మాత్రమే వాడుకుంటూ అది సీ ప్లస్‌ప్లస్ క్లాసులోని ఫంక్షన్ అయితే దిస్‌కాల్. ఆర్గ్యుమెంట్లే లేని ఫంక్షన్ విషయంలో సీడెకల్‌కూ స్టడ్‌కాల్‌కూ తేడా తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు.

కన్వెన్షన్‌ను టైపులోనే రాయడం

కన్వెన్షన్ తెలిసిన తరువాత దానిని ఎక్కడ రాస్తామన్నదే అసలు ప్రశ్న. పిలిచే ప్రతి చోటా సర్దుబాటు చేయబూనడం తప్పు. కన్వెన్షన్ అనేది ఫంక్షన్ టైపులో భాగం. పూర్ణాంకమా దశాంశమా అన్నది టైపులో ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉండాలి. కనుక ప్రతి విదేశీ ఫంక్షన్‌కూ ఒక ఫంక్షన్ పాయింటర్ టైపును హెడర్ ఫైలులో టైప్‌డెఫ్‌తో ప్రకటించి, పాయింటర్ నక్షత్రం గుర్తుకు ముందు కన్వెన్షన్‌ను అక్కడే రాయండి. మైక్రోసాఫ్ట్ కంపైలర్‌లోనూ, విండోస్ కోసం కట్టిన జీసీసీ అయిన మింగ్‌డబ్ల్యూలోనూ రెండు అండర్‌స్కోర్ల తరువాత స్టడ్‌కాల్ అని రాస్తే సరిపోతుంది. జీసీసీ సొంత పద్ధతి అయితే అట్రిబ్యూట్ అన్న పదానికి ముందూ వెనుకా రెండేసి అండర్‌స్కోర్లు వేసి, జంట కుండలీకరణాలలో స్టడ్‌కాల్ అని రాయడం. ఆ తరువాత ఆ పాయింటర్ ద్వారా జరిగే ప్రతి పిలుపుకూ కావలసిన మార్పిడిని కంపైలరే రాస్తుంది.

డీఎల్ఎల్ నుంచి చిరునామాను తెచ్చే గెట్‌ప్రాక్‌అడ్రస్ ఒక సాధారణ పాయింటర్‌ను మాత్రమే ఇస్తుంది కనుక దానిని మన టైపుకు కాస్టు చేయక తప్పదు. కాస్టు కన్వెన్షన్‌ను మార్చదు. మారిందని కంపైలర్‌ను నమ్మిస్తుంది, అంతే. కనుక ఇటువంటి కాస్టులన్నీ ఒకే ఫైలులో, ఒకే ఫంక్షన్‌లో ఉండేలా చూసుకోండి. మరెక్కడైనా ఫంక్షన్ పాయింటర్ కాస్టు కనిపిస్తే దానిని తప్పు కింద లెక్కించి తీసివేయండి. అది లేకపోతే కంపైలర్ ఏమి ఫిర్యాదు చేస్తుందో చదవండి. జీసీసీ 14వ వెర్షన్ నుంచి పొంతన లేని పాయింటర్ టైపులను సీ భాషలో హెచ్చరికగా కాక తప్పుగానే చూపుతోంది. పాత వెర్షన్ వాడుతుంటే ఆ హెచ్చరికను తప్పుగా మార్చే స్విచ్‌ను మీరే ఇవ్వండి. క్లాంగ్ ఒక అడుగు ముందుకు వేసి, ఫంక్షన్ పేరును వేరే కన్వెన్షన్ ఉన్న పాయింటర్‌కు నేరుగా కాస్టు చేసిన చోట కూడా హెచ్చరిస్తుంది. నేను ఆ రెండు రోజులలో మొదటి రోజున క్లాంగ్‌తో కట్టి చూసి ఉంటే రెండవ రోజు అవసరం పడేది కాదేమో అనిపిస్తుంది గాని, నా కాస్టు గెట్‌ప్రాక్‌అడ్రస్ ఫలితం మీద కనుక అక్కడ క్లాంగ్ కూడా ఏమీ చెప్పగలిగేది కాదు.

సీ ప్లస్‌ప్లస్ వాడేవారు ఒకటి గమనించాలి. ఇటువంటి అట్రిబ్యూట్ ఉన్న పాయింటర్ టైపును టెంప్లేటు ఆర్గ్యుమెంటుగా ఇస్తే జీసీసీ ఆ అట్రిబ్యూట్‌ను వదిలివేస్తున్నానని హెచ్చరించే సందర్భాలున్నాయి. ఆ హెచ్చరికను ఊరకే నోరు మూయించకండి; ఆ టెంప్లేటు లోపల పాయింటర్‌కు కన్వెన్షన్ పోయింది. పాయింటర్‌ను ఒక చిన్న స్ట్రక్చర్‌లో ఉంచి ఆ స్ట్రక్చర్‌ను టెంప్లేటుకు ఇవ్వడం నేను అనుసరించే మార్గం.

కాల్‌బ్యాక్‌ల సంగతి

మనం డీఎల్ఎల్‌ను పిలవడమే కాదు, డీఎల్ఎల్ మనలను పిలిచే చోటు కూడా ఉంటుంది. కాటా మీద బరువు నిలకడకు వచ్చినప్పుడు నా ఫంక్షన్ ఒకదానిని కాటా సంఖ్యతో, డబుల్ రూపంలో ఉన్న కిలోలతో అది పిలుస్తుంది. మొదటి తప్పును సరిదిద్దిన ఆనందంలో నేను దీనిని మరిచాను. ఇక్కడ తప్పు తలకిందులుగా జరుగుతుంది: నా ఫంక్షన్ సీడెకల్ కనుక స్టాక్‌ను సర్దకుండా తిరిగి వెళ్ళింది, అది సర్దిందనుకున్న డీఎల్ఎల్, 12 బైట్లు కిందుగా ఉన్న స్టాక్ నుంచి తన రిజిస్టర్లను తిరిగి నింపుకుని తన కోడులోనే కూలిపోయింది. తప్పు మనదైనా కూలిన చోటు వారిది కావడం వల్ల ఇటువంటి వాటిలో నింద సులభంగా దారి తప్పుతుంది. కాల్‌బ్యాక్‌గా వెళ్ళే ప్రతి ఫంక్షన్ ప్రకటనలోనూ, నిర్వచనంలోనూ కన్వెన్షన్‌ను రాయండి.

కాల్‌బ్యాక్‌లలో మరొక చిక్కు స్టాక్ అలైన్‌మెంటు. 32 బిట్ల విండోస్ కోడు స్టాక్‌ను 4 బైట్ల గుణిజానికి మాత్రమే సరిచూస్తుంది. జీసీసీ మాత్రం 16 బైట్ల గుణిజం మీద ఉందనుకుని ఎస్ఎస్ఈ ఆదేశాలు (16 బైట్లను ఒకేసారి చదివి రాయగలిగేవి) రాయవచ్చు. కాల్‌బ్యాక్‌లో దశాంశ లెక్కలు ఉన్నప్పుడు అప్పుడప్పుడు మాత్రమే కూలిపోతోందంటే ముందు దీనిని చూడండి. ఆ ఒక్క ఫంక్షన్‌కు 'ఫోర్స్ అలైన్ ఆర్గ్ పాయింటర్' అనే అట్రిబ్యూట్ పెడితే ప్రవేశించగానే స్టాక్‌ను సర్దుకుంటుంది. ఫైలు మొత్తానికి కావాలంటే '-ఎంస్టాక్‌రీఅలైన్' స్విచ్ ఉంది.

64 బిట్లలో రెండు లోకాలు

64 బిట్ల విండోస్‌లో స్టడ్‌కాల్, సీడెకల్ అని రాసినా కంపైలర్ పట్టించుకోదు. సాధారణ పిలుపులకు అక్కడ ఉన్నది ఒకే కన్వెన్షన్. అయితే ఎక్స్86-64 (64 బిట్ల ఎక్స్86) మీద లైనక్స్, మాక్ వంటివి సిస్టమ్ ఫైవ్ కన్వెన్షన్‌ను పాటిస్తాయి, ఆ రెండింటికీ పొత్తు కుదరదు. విండోస్ ప్రోగ్రాములను లైనక్స్ మీద నడిపే వైన్‌లోనూ, కంప్యూటరు తెరుచుకునేటప్పుడు నడిచే యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ కోసం లైనక్స్ మీద ప్రోగ్రాములు కట్టేటప్పుడూ ఈ రెండూ ఒకే ఫైలులో కలుస్తాయి. యూఈఎఫ్ఐ ఎక్స్86-64 మీద మైక్రోసాఫ్ట్ కన్వెన్షన్‌ను ఎంచుకుంది. దాని హెడర్లలో ప్రతి ఫంక్షన్ ముందూ కనిపించే ఈఎఫ్ఐ ఏపీఐ అనే మాక్రో పని ఇదే.

తేడాను ఒక ఉదాహరణతో చూద్దాం. కాటా సంఖ్య పూర్ణాంకం, కిలోలు డబుల్, బస్తాల లెక్క పూర్ణాంకం, ఈ వరుసలో మూడు ఆర్గ్యుమెంట్లు తీసుకునే ఫంక్షన్ ఉందనుకోండి. సిస్టమ్ ఫైవ్‌లో పూర్ణాంకాలకూ దశాంశాలకూ వేరువేరు వరుసలు: పూర్ణాంకాలు ఆర్‌డీఐ, ఆర్‌ఎస్ఐ, ఆర్‌డీఎక్స్, ఆర్‌సీఎక్స్, ఆర్8, ఆర్9లలో, దశాంశాలు ఎక్స్‌ఎంఎం0 నుంచి 7 వరకు వెళతాయి. కనుక కాటా సంఖ్య ఈడీఐలో, కిలోలు ఎక్స్‌ఎంఎం0లో, బస్తాలు ఈఎస్ఐలో ఉంటాయి. మైక్రోసాఫ్ట్ పద్ధతిలో స్థానమే ముఖ్యం: మొదటి నాలుగు స్థానాలకు ఆర్‌సీఎక్స్, ఆర్‌డీఎక్స్, ఆర్8, ఆర్9, లేదా అదే స్థానపు ఎక్స్‌ఎంఎం రిజిస్టరు. అందువల్ల అవే ఆర్గ్యుమెంట్లు ఈసీఎక్స్, ఎక్స్‌ఎంఎం1, ఆర్8డీలలో ఉంటాయి. అంతేకాక, పిలిచే ఫంక్షన్ స్టాక్ మీద 32 బైట్ల ఖాళీ చోటును పిలుపు అందుకునే ఫంక్షన్ వాడకానికి వదలాలి. సిస్టమ్ ఫైవ్‌లో ఆ చోటు లేదు. దానికి బదులు స్టాక్ పాయింటర్ కింద 128 బైట్ల రెడ్ జోన్ ఉంది; ఫంక్షన్ స్టాక్ పాయింటర్‌ను జరపకుండానే అక్కడ తన విలువలు దాచుకోవచ్చు. యూఈఎఫ్ఐ కోసం కట్టేటప్పుడు ఈ రెడ్ జోన్‌ను '-ఎంనో-రెడ్-జోన్' స్విచ్‌తో తప్పక ఆపాలి. ఇంటరప్టు వచ్చినప్పుడు అక్కడ దాచిన విలువలు తుడిచిపెట్టుకుపోతాయి.

ఈ మార్పిడిని చూడడానికి విండోస్ అవసరమే లేదు. లైనక్స్ మీద జీసీసీ 4.4 నుంచి ఒక ఫంక్షన్‌కు ఎంఎస్_ఏబీఐ (మైక్రోసాఫ్ట్ పద్ధతి) అనో సిస్‌వీ_ఏబీఐ (సిస్టమ్ ఫైవ్ పద్ధతి) అనో అట్రిబ్యూట్ పెట్టవచ్చు. క్లాంగ్‌లోనూ అవే పేర్లు పనిచేస్తాయి. పై ఫంక్షన్‌ను ఎంఎస్_ఏబీఐతో నిర్వచించి, దానిని ఒక సాధారణ ఫంక్షన్ నుంచి పిలిచి, '-ఓ2 -ఎస్' స్విచ్‌లతో అసెంబ్లీని బయటకు తీయండి. కంపైలర్ ఇన్‌లైన్ చేస్తే, అంటే ఫంక్షన్ కోడును పిలిచే చోటనే అతికిస్తే, పిలుపే మాయమవుతుంది కనుక నిర్వచనాన్ని వేరే ఫైలులో ఉంచండి. పిలుపుకు ముందు రిజిస్టర్లను మార్చే మూడు నాలుగు ఆదేశాలూ, స్టాక్‌లో 32 బైట్ల చోటూ కనిపిస్తాయి. అంతకుమించి ఖర్చు లేదు, ఎందుకంటే సిస్టమ్ ఫైవ్ కాపాడమనే రిజిస్టర్లన్నిటినీ మైక్రోసాఫ్ట్ పద్ధతి కూడా కాపాడుతుంది.

ఇప్పుడు దిశను తిప్పండి: ఎంఎస్_ఏబీఐ ఫంక్షన్ ఒకటి సాధారణ ఫంక్షన్‌ను పిలిచేలా రాసి చూడండి. ఫంక్షన్ మొదటా చివరా ఆదేశాల చాంతాడు కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ పద్ధతిలో ఆర్‌ఎస్ఐ, ఆర్‌డీఐ, ఎక్స్‌ఎంఎం6 నుంచి 15 వరకు కాపాడవలసినవి. సిస్టమ్ ఫైవ్ ఫంక్షన్‌కు వాటిని చెడగొట్టే హక్కు ఉంది. కనుక మధ్యవర్తి అయిన ఫంక్షన్ వాటిని ముందుగా దాచి తరువాత నింపాలి. ఎక్స్‌ఎంఎం రిజిస్టర్లు పదింటికే 160 బైట్లు. ఈ దాపరికాన్ని ప్రతి ఫంక్షన్‌లోనూ రాయకుండా ఉమ్మడి చిన్న రొటీన్లకు అప్పగించే '-ఎంకాల్-ఎంఎస్2సిస్‌వీ-ఎక్స్‌లాగ్స్' అనే స్విచ్ జీసీసీ 8లో వచ్చింది. దానివల్ల కోడు పరిమాణం తగ్గుతుంది.

ఈ అసమానతను చూసిన తరువాత సరిహద్దును ఎక్కడ పెట్టాలో నిర్ణయించుకోవడం సులభం. మైక్రోసాఫ్ట్ వైపు నుంచి లోపలికి వచ్చే దారులు కొద్దిగానే ఉండాలి, ఒక్కొక్క దారిలో జరిగే పని పెద్దదిగా ఉండాలి. రెండు వరుసలను పోల్చి చెప్పే రెండు లైన్ల కాల్‌బ్యాక్‌ను లక్షసార్లు ఈ దారిలో పిలిపించడం కంటె, మొత్తం జాబితాను ఒకేసారి లోపలికి తీసుకుని పని ముగించడం మంచిది. పద్ధతి ఇది: ఎంఎస్_ఏబీఐతో ఒక పలుచని ఫంక్షన్ రాసి, దాని శరీరంలో మన సాధారణ ఫంక్షన్‌ను పిలిచే ఒక్క వాక్యం మాత్రం ఉంచండి. ఒకప్పుడు అసెంబ్లీలో చేతితో రాసిన మధ్యవర్తి కోడును ఇప్పుడు కంపైలరే ఈ ఒక్క వాక్యం నుంచి పుట్టిస్తుంది. మొత్తం ఫైలును '-ఎంఏబీఐ=ఎంఎస్' స్విచ్‌తో మార్చే వీలున్నా, ఆ ఫైలు కలుపుకునే లైనక్స్ హెడర్లలోని ఫంక్షన్లు కూడా మైక్రోసాఫ్ట్ పద్ధతివే అనుకుంటుంది కనుక నేను దానిని వాడను.

అట్రిబ్యూట్ మార్చనివి

ఎంఎస్_ఏబీఐ పిలుపు పద్ధతిని మార్చుతుందే గాని డేటా కొలతలను మార్చదు. విండోస్‌లో లాంగ్ 4 బైట్లు, 64 బిట్ల లైనక్స్‌లో 8 బైట్లు. వైడ్ క్యారెక్టర్ అక్కడ 2, ఇక్కడ 4. కనుక సరిహద్దు దాటే ప్రతి ఆర్గ్యుమెంటుకూ, స్ట్రక్చర్‌లోని ప్రతి భాగానికీ వెడల్పు పేరులోనే ఉండే స్థిర పూర్ణాంక టైపులను వాడండి. స్ట్రక్చర్‌ను విలువగా పంపే చోట, రెండు డబుల్‌లు ఉన్న 16 బైట్ల స్ట్రక్చర్ సిస్టమ్ ఫైవ్‌లో రెండు ఎక్స్‌ఎంఎం రిజిస్టర్లలో వెళుతుంది. మైక్రోసాఫ్ట్ పద్ధతిలో దాని నకలుకు పాయింటర్ వెళుతుంది. ప్రకటన సరిగా ఉంటే కంపైలర్ దీనిని చూసుకుంటుంది, అయినా కొత్తగా ఇంటర్‌ఫేస్ రాసేవారు పాయింటర్ ద్వారానే పంపడం నయం.

ఎన్ని ఆర్గ్యుమెంట్లయినా తీసుకునే, ప్రింట్‌ఎఫ్ వంటి ఫంక్షన్లు ప్రత్యేకం. సిస్టమ్ ఫైవ్‌లో ఎన్ని ఎక్స్‌ఎంఎం రిజిస్టర్లు వాడారో గరిష్ఠ పరిమితిని ఏఎల్‌లో పెట్టాలి. మైక్రోసాఫ్ట్ పద్ధతిలో డబుల్‌ను అదే స్థానపు పూర్ణాంక రిజిస్టరులో కూడా నకలు పెట్టాలి. ఆర్గ్యుమెంట్లను నడిపే జాబితా టైపు కూడా రెండింటిలో వేరు. ఎంఎస్_ఏబీఐ ఫంక్షన్ లోపల బిల్టిన్ ఎంఎస్ వీఏ లిస్ట్ అనే టైపునూ, దాని జంట మాక్రోలనూ వాడాలి. ఆ జాబితాను లైనక్స్ వీప్రింట్‌ఎఫ్‌కు అందించడం కుదరదు. వీలైతే సరిహద్దు మీద ఇటువంటి ఫంక్షన్లే వద్దు.

మధ్యలోని ఫంక్షన్లను వదిలి ముందు గుర్తుపెట్టిన చోటికి నేరుగా దూకించే సెట్‌జంప్, లాంగ్‌జంప్‌లతో సరిహద్దును దాటకండి. లైనక్స్ సెట్‌జంప్ తన పద్ధతిలో కాపాడవలసిన రిజిస్టర్లనే దాచుతుంది. మధ్యలో ఉన్న ఎంఎస్_ఏబీఐ ఫంక్షన్‌ను దాటి దూకితే అది దాచిన ఆర్‌ఎస్ఐ, ఆర్‌డీఐలు తిరిగి నిండవు. ఎక్సెప్షన్లను కూడా పలుచని ఫంక్షన్ లోపలే పట్టి, బయటికి ఒక పూర్ణాంక కోడును ఇవ్వండి.

సొంత కంపైలర్ రాసేవారికి

వారాంతాలలో నా దగ్గర నేర్చుకునే విద్యార్థులలో ఇద్దరు ఎల్‌ఎల్‌వీఎం (క్లాంగ్‌కు ఆధారమైన కంపైలర్ సామగ్రి) మీద చిన్న భాష కట్టుకుంటున్నారు కనుక ఈ భాగం. ఎల్‌ఎల్‌వీఎంలో కన్వెన్షన్ ఫంక్షన్ టైపులో ఉండదు. ఫంక్షన్ మీద ఒకసారి, దానిని పిలిచే ప్రతి ఆదేశం మీద మరొకసారి విడివిడిగా ఉంటుంది. రెండూ సరిపోలకపోతే ఆ పిలుపు ప్రవర్తనకు అర్థం లేదని దాని నియమం, ఆప్టిమైజర్ ఆ పిలుపును 'ఇక్కడికి ఎన్నటికీ చేరము' అన్న గుర్తుగా మార్చివేస్తుంది. కూలిపోవడం కూడా కాదు, కోడే మాయమవుతుంది. కనుక మీ భాష టైపు వ్యవస్థలో కన్వెన్షన్‌ను మీరే ఉంచుకుని, పిలుపు ఆదేశాన్ని పుట్టించే ఒకే ఒక్క రొటీన్‌లో దానిని పిలవబోయే ఫంక్షన్ టైపు నుంచి తీసి ఆదేశం మీద వేయండి. ఎక్స్86-64 మీద విన్64సీసీ, ఎక్స్86_64_సిస్‌వీసీసీ అన్నవి పై రెండు పద్ధతులకు దాని పేర్లు.

కంపైలర్ తనంతట తానే కన్వెన్షన్ మార్చే సందర్భమూ ఉంది. ఫైలు బయటికి కనిపించని, చిరునామా ఎవరూ తీసుకోని ఫంక్షన్‌ను ఎల్‌ఎల్‌వీఎం తన సొంత ఫాస్ట్‌సీసీకి మార్చవచ్చు. 32 బిట్ల మీద జీసీసీ కూడా అటువంటి ఫంక్షన్‌కు ఆర్గ్యుమెంట్లను రిజిస్టర్లలో పంపవచ్చు. అందువల్ల అసెంబ్లీ నుంచి పిలవబోయే సీ ఫంక్షన్‌కు స్టాటిక్ అని పెట్టకండి.

సరిచూసుకోవడం

పరీక్షకు ఒక్క ఆర్గ్యుమెంటు ఉన్న ఫంక్షన్ పనికిరాదు, సున్నా విలువలూ పనికిరావు. పూర్ణాంకాలూ డబుల్‌లూ కలగలిపి ఎనిమిది ఆర్గ్యుమెంట్లు తీసుకునే ఫంక్షన్ రాసి, ప్రతిదానికీ వేరువేరు విలువలు ఇవ్వండి. మైక్రోసాఫ్ట్ పద్ధతిలో ఐదవ ఆర్గ్యుమెంటు నుంచే స్టాక్ మీదికి వెళుతుంది కనుక నాలుగుతో ఆగితే సగమే పరీక్షించినట్టు. రిజిస్టర్ల సంరక్షణను చూడడానికి, పిలుపుకు ముందూ తరువాతా అనేక డబుల్ విలువలను వాడే లూపును పిలిచే ఫంక్షన్‌లో పెట్టి ఫలితాన్ని పోల్చండి. పరీక్షను ఆప్టిమైజేషన్ లేకుండా ఒకసారి, '-ఓ2'తో ఒకసారి నడపండి; నా అనుభవంలో రెండవదే నిజం చెబుతుంది. మైక్రోసాఫ్ట్ కంపైలర్ వాడేవారికి డీబగ్ బిల్డులో ప్రతి పిలుపు తరువాతా ఈఎస్‌పీని సరిచూసే తనిఖీ సిద్ధంగా ఉంది. 32 బిట్ల పని ఉన్నంతకాలం దానిని ఆపకండి.

చివరగా కట్టిన బైనరీని డిసాసెంబుల్ చేసి కళ్ళతో చూడండి. నా కాల్‌బ్యాక్ తీసుకునేది ఒక పూర్ణాంకం, ఒక డబుల్ కనుక దాని చివర 'రెట్ 12' ఉండాలి. ఆబ్జ్‌డంప్ దానిని పదహారు ఆధారంగా '0ఎక్స్‌సి' అని చూపుతుంది. అది కనిపించిన తరువాతే మూడవ బిల్డును పలాస పంపాను. యజమాని మళ్ళీ ఫోను చేసిన మాట నిజమే గాని, ఈసారి బిల్లు మీద తేదీలో నెల ముందు, రోజు వెనుక పడుతున్నాయని చెప్పడానికి.